ఇంటిపేరు అడిగే ముందు

తాతల కాలంలోనే బెంగళూరు, చెన్నైల్లో స్థిరపడిన మన సంఘాలకు ఈరోజుకీ ఊరినుండి కొత్తవారు వస్తుంటారు. తెలుగు ఆరాధన దొరికిందని సంబరపడి వచ్చినవారిని మనం ముందుగా అడిగేదేమిటి? "మీదే ఊరు? ఇంటిపేరేమిటి?" ఊరి మీద ప్రేమతో అడిగేవారూ ఉన్నారు, కాదనం. కానీ జవాబు విన్నాక మన పలకరింపు మారిపోతే, ఆ కుర్రవాడికి సంగతి అర్థమైపోతుంది. మరుసటి ఆదివారం చివరి బల్ల మీద కూర్చుంటాడు. ఆ తర్వాత రాడు. యౌవనస్థులు నిలబడటం లేదని కమిటీలో వాపోయేదీ మనమే!

యాకోబు తన పత్రిక 2వ అధ్యాయంలో మందలించింది బంగారు ఉంగరానికి పెద్దపీట వేసినవారిని. మనం ఇంటిపేరుకు వేస్తున్నాం.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది దక్కింది. మతం మారినా వివక్ష పోలేదని కోర్టులో వాదిస్తున్నాం. అది న్యాయమైన వాదన. అదే మాట సంఘ కమిటీలో ఎవరైనా అంటే మాత్రం గొడవలు పెట్టేవాడంటాం.

ఈ ఆదివారం కొత్తవారు కనిపిస్తే, గది దొరికిందా, భోజనం ఎక్కడ చేస్తున్నారు అని అడుగుదాం. ఆరాధనయ్యాక ఇంటికి తీసుకెళ్దాం. ఇంటిపేరు వారికి చెప్పాలనిపించినప్పుడు చెబుతారు.