మంత్రాల బడిలో ఆడపిల్లకు చోటేది?

అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ మొదటి నవలలో గెడ్ అనే కుర్రాడు అహంకారంతో ఒక నీడను లోకం మీదికి వదులుతాడు. చివరికి తనే వెంటాడి, దాన్ని తన పేరుతోనే పిలిచి తనలో కలుపుకుంటాడు. చేసిన తప్పుకు బాధ్యత వహించడం గొప్ప ధర్మమే, కాదనం. కానీ అతను చదివిన రోక్ బడిలో ఆడపిల్లలకు ప్రవేశమే లేదు!

1990లో వచ్చిన నాలుగో నవల ‘తెహాను’ ఈ కథను తిరగేసింది. తనవాళ్ళే అత్యాచారం చేసి మంటల్లోకి తోసిన పసిపిల్లను తెనార్ అనే నడివయసు వితంతువు చేరదీస్తుంది. పిల్లకు తిండి పెట్టడం, భయపడితే పక్కన కూచోవడం - ఇక్కడ వీరకృత్యాలు ఇవే. ఆ మగవాళ్ళు రాత్రిపూట ఇంటి మీదికొస్తే కత్తి పట్టుకుని తలుపు తీస్తుంది. గెడ్‌కి అప్పటికి మంత్రశక్తి పోయింది.

రచయిత్రి కథలోకి రాజకీయం తెచ్చిందని కొందరు విసుక్కున్నారు. ఆడపిల్లలను రానివ్వని బడి మాత్రం రాజకీయం కాదు కాబోలు!