పాలరాపు గుట్ట మీద పెద్ద రెక్కలు

మా గోదావరిఖనిలో ఎత్తు అంటే ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టలే. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండలను రీల్స్‌లో చూసి 'అబ్బా' అనుకునేవాళ్లకు ఒక మాట. మంచిర్యాల దాటి, కాగజ్‌నగర్ మీదుగా బెజ్జూరు అడవుల వైపు వెళ్తే మనకూ అలాంటిదొకటి ఉంది. పెద్దవాగు వచ్చి ప్రాణహితలో కలిసే చోట, నీళ్ల మీదికి నిటారుగా దిగే పాలరాపు గుట్ట. సముద్రం ఒక్కటే తక్కువ!

ఆ రాతి అరల్లో 2013లో పొడుగు ముక్కు రాబందులు కనిపించాయి. రెక్కలు చాపితే సుమారు రెండు మీటర్లు. పొద్దెక్కి గాలి వేడెక్కేదాకా పెద్దగా కదలవు. తర్వాత చూడాలి, రెక్క కొట్టకుండానే మస్తు ఎత్తుకు తేలిపోతాయి. ఒక్కో జంట ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు.

దేశంలో వీటిని తుడిచిపెట్టింది వేటగాళ్లు కాదు, బర్రెకు వేసిన నొప్పుల సూది. డైక్లోఫెనాక్ వేసిన పశువు చస్తే, దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడై చస్తుంది. నూటికి 90కి పైగా అట్లనే పోయాయి. అవి తగ్గినచోట కళేబరాల చుట్టూ వీధికుక్కలు పెరిగాయి. పశువులకు ఆ మందును 2006లో, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు. సరే, మనుషుల కోసం అమ్మే సూది కొట్టందాకా రాదని ఏం గ్యారంటీ?

ఊళ్లో బర్లున్న మామనో, బాపునో ఒకసారి అడగండి. పశువుల డాక్టర్‌ను మెలాక్సికామ్ రాయమంటే చాలు, దాంతో రాబందుకు ప్రమాదం లేదు. గుట్టకు వెళ్తే అటవీశాఖ వాళ్లనడిగి, దూరం నుంచే చూడండి. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి.