అడిగిన సెలవు ఎక్కడికీ పోదు

చెల్లి పెళ్లికి నాలుగు రోజులు ముందే రమ్మని ఊరి నుంచి ఫోను. ‘సూపర్‌వైజర్‌ని అడిగానమ్మా, ఆర్డర్లున్నాయి కుదరదన్నాడు...’ అంటాడు ఫ్యాక్టరీలో పనిచేసే అన్నయ్య. చివరికి తలంబ్రాల వేళకి వస్తాడు, అప్పగింతలు కాకుండానే బస్సెక్కేస్తాడు. తీరా ఏడాది చివర చూసుకుంటే వాడుకోని సెలవులు బోలెడు. ‘అందులో కొన్ని పోయినట్టే’ అంటారు ఆఫీసులో. నిజంగానే పోతాయా?

జీతంతో కూడిన వార్షిక సెలవు యజమాని దయ కాదు, పనిచేసి సంపాదించుకున్నది. అందుకే దానికి ఆర్జిత సెలవని పేరు. లెక్క తేలికే: ప్రతి 20 పనిరోజులకు ఒక రోజు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ ఇదే లెక్క. కాకపోతే అప్పట్లో ఏడాదికి కనీసం 240 రోజులు పనిచేస్తేనే అర్హత. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ దాన్ని 180 రోజులకు తగ్గించింది. అంటే, 200 రోజులు పనిచేసిన వ్యక్తికి పాత లెక్కన సున్నా, కొత్త లెక్కన 10 రోజులు! ప్రసూతి సెలవు, లేఆఫ్ రోజులూ ఆ 180లో కలుస్తాయి. వాటి మీద మళ్లీ సెలవు మాత్రం రాదు.

పది మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలకు ఈ కోడ్ వర్తిస్తుంది. మేనేజర్లు దీని కిందికి రారు. ప్రభుత్వోద్యోగులకు నిబంధనలు వేరు.

వాడుకోని సెలవులు 30 రోజుల వరకూ మరుసటి ఏడాదికి జమవుతాయి. అంతకు మించినవాటికి డబ్బు తీసుకోవచ్చు. ఉద్యోగం మానేసినా మిగిలిన సెలవులకు వేతనం చెల్లించాల్సిందే.

చాలామందికి తెలియనిది మరొకటుంది. దరఖాస్తు చేసుకున్నా ఇవ్వని సెలవుకు ఆ 30 రోజుల పరిమితి లేదు. ఎన్ని రోజులైనా మరుసటి ఏడాది ఖాతాలోకి వెళ్లాల్సిందే. చిక్కల్లా ‘దరఖాస్తు’ దగ్గరే. నోటిమాటగా అడిగి, కాదనిపించుకుని వచ్చేస్తే అడిగినట్టు రుజువేదీ? అందుకే తేదీ వేసి కాగితం ఇవ్వాలి. నకలు మీద అందినట్టు సంతకం చేయించుకుని ఇంట్లో దాచుకోవాలి. మెయిల్ పంపినా ఫర్వాలేదు, అది చెరిపేయకుండా ఉంటే చాలు.

చెల్లి పెళ్లి మళ్లీ రాదు. అప్పుడు దొరకని ఆ నాలుగు రోజులూ మేనకోడలి బారసాలకైనా అక్కరకు రావాలంటే... అడిగేదేదో కాగితం మీదే అడగాలి!