ఒకే పెన్నుతో రాసిన ముప్పై రోజులు

ఆ రాత్రి ఆపరేషన్ థియేటర్ పక్క గదిలో నేల మీద కూర్చుని ఫ్రిజ్ టెంపరేచర్ చార్టు నింపాను. మందులుండే ఫ్రిజ్ అది. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పూటపూటా చూసి రాయాలి. నెల రోజులుగా ఎవరూ రాయలేదు. తెల్లారితే గుర్తింపు కోసం తనిఖీ బృందం వస్తుంది. ‘అన్నిటికీ నాలుగు వేసెయ్యండి సిస్టర్’ అన్నారు పైవాళ్లు. వేసేశాను. ముప్పై రోజులు, రోజుకు రెండు పూటలు, మొత్తం అరవై నాలుగులు. అన్నీ ఒకే నీలి పెన్నుతో. అది మే నెల. ఆ నెలలో కరెంటు ఎన్నిసార్లు పోయిందో నాకు తెలుసు. ఆ ఫ్రిజ్‌లోని మందు ఎవరి ఒంట్లోకి వెళ్లిందో మాత్రం తెలియదు.

ఆపరేషన్ చేసి ఆ సాయంత్రమే ఇంటికి పంపే ఆ డే కేర్ సెంటర్ పేరు చెప్పను. ఒక్క పేరు చెబితే మిగతావాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. పీల్చుకోకూడదు.

తనిఖీ తారీఖు ఖాయం కాగానే ఏం జరుగుతుందో థియేటర్‌లో పనిచేసిన ప్రతి నర్సుకూ తెలుసు. గోడలకు రంగు పడుతుంది. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం చెత్తడబ్బాలు కొత్తవి వస్తాయి. ఎమర్జెన్సీ ట్రాలీలో గడువు తీరిన ఆంప్యూళ్లు రాత్రికి రాత్రే మాయమవుతాయి. ఆయమ్మ చేత చేతులు కడిగే ఆరు స్టెప్పులూ బట్టీ పట్టిస్తారు. ఎప్పుడు లేపి అడిగినా గడగడా చెబుతుంది. సింకు దగ్గర సబ్బు ఉండదు. ఆ సంగతి ఆమెను అడిగేవాళ్లుండరు.

ఎందుకింత హడావిడి? డబ్బు కోసం. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్ వైద్య పథకంలో, నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు లేని ఆసుపత్రికి దక్కే రేటు, ఉన్నదానికంటే 15 శాతం తక్కువ. నాణ్యతకు ఎక్కువ ఇవ్వడం న్యాయమే. కానీ ఆ డబ్బు సర్టిఫికెట్ చూసి వస్తుంది. అందుకే యాజమాన్యం సర్టిఫికెట్‌నే తయారు చేస్తోంది.

ప్రమాణాలు పనికిరానివని నేననను. వాటిలోని ప్రతి వాక్యం వెనకా ఎక్కడో ఎవరో ప్రాణం పోగొట్టుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్‌నే చూడండి. 19 అంశాలున్న ఒక్క కాగితం. మన ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో వాడి చూస్తే, ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. దానికి కొత్త మిషను కొననక్కర్లేదు. కత్తి పెట్టేముందు అందరూ ఒక్క నిమిషం ఆగి, ఈమె ఎవరు, ఏ కన్ను, ఏ మందు పడదు అని పైకి చెప్పుకుంటే చాలు. మా దగ్గర ఆ టిక్కులన్నీ పొద్దున్నే, రోగి టేబుల్ ఎక్కకముందే పడిపోయేవి.

ఆటోక్లేవ్ సంగతీ అంతే. ప్యాకెట్ మీది టేపుకు నల్లచారలు వస్తే ‘స్టెరైల్’ అని చేతికిచ్చేస్తారు. ఆ చారలు ప్యాకెట్‌కు వేడి తగిలిందని మాత్రమే చెబుతాయి. ఆవిరి లోపలిదాకా వెళ్లిందో లేదో లోపల పెట్టే ఇండికేటర్ చెప్పాలి, సూక్ష్మజీవులు చచ్చాయో లేదో స్పోర్ పరీక్ష చెప్పాలి. ఆపరేషన్ల లిస్టు పెద్దదై పరికరాల సెట్లు రెండే ఉన్న రోజున ఆటోక్లేవ్ దాకా కూడా పోరు. గ్లుటరాల్డిహైడ్‌లో ఇరవై నిమిషాలు ముంచి తీసి, తర్వాతి కేసుకు అందిస్తారు. ఆ ద్రావణంతో పూర్తిగా స్టెరిలైజ్ కావాలంటే పది గంటలు పడుతుంది. ఇది తెలియక చేస్తున్నారా? తెలిసే చేస్తున్నారు. తనిఖీ రోజున లిస్టులో రెండే కేసులు పెట్టుకునేది అందుకే.

పెద్దాసుపత్రిలో తప్పు జరిగితే రోగి వార్డులోనే ఉంటుంది, రౌండ్స్‌లో బయటపడుతుంది. డే కేర్‌లో తప్పు సాయంత్రానికి ఆటో ఎక్కి ఇంటికి వెళ్లిపోతుంది. శుక్లం తీయించుకున్న తాతకు మూడోరోజు కన్ను ఎర్రబడితే ముందు వెళ్లేది ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి. సెంటర్ రిజిస్టర్‌లో మాత్రం ఇన్ఫెక్షన్ల గడిలో సున్నా. ఆ సున్నాను చూసి మురిసిపోతాం!

2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత కొద్దిరోజుల్లోనే నలుగురు చనిపోయారు. నలుగురూ తల్లులే. పూట పనిలా ముగిసే ఆపరేషన్ చిన్నదని ఇంకా ఎవరైనా అంటే, ఆ పిల్లల ముందు నిలబడి అనమనండి.

‘చిన్న సెంటర్లం, ఇంత ఖర్చు ఎక్కడ భరిస్తాం’ అంటారు. సబ్బు ఖర్చా? ఒక్క నిమిషం ఆగడం ఖర్చా? సెట్లు తక్కువుంటే కేసులు తగ్గించుకోండి. అదీ కుదరకపోతే షట్టర్ దించండి. రోగి ఒంటి మీద పొదుపు చేసే హక్కు మీకెవరూ ఇవ్వలేదు.

గుర్తింపు ఇచ్చే పెద్దలకు ఒక మాట. తారీఖు చెప్పి రాకండి. లిస్టు నిండుగా ఉన్న రోజున, ఏడో కేసు నడుస్తుండగా తలుపు తట్టండి. ఫైళ్లు తర్వాత చూడొచ్చు, ముందు సింకు దగ్గర నిలబడండి. పోయిన నెల ఇళ్లకు వెళ్లిన పాతికమందికి మీరే ఫోన్ చేయండి. ఆపరేషన్ తర్వాత ప్రతి రోగికీ మూడోరోజు ఫోన్ చేసి కనుక్కోవడాన్ని తప్పనిసరి చేయండి. తేలిన ఇన్ఫెక్షన్ల లెక్కను సర్టిఫికెట్ పక్కనే గోడ మీద పెట్టించండి. ‘సెట్ స్టెరైల్ కాదు, కేసు ఆపండి సార్’ అన్న నర్సు ఉద్యోగం మర్నాడు కూడా ఉందో లేదో అడగండి.

చివరగా నీకు, చెల్లీ. ఏదో ఒక రాత్రి నీ చేతికీ ఆ పెన్ను ఇస్తారు. నేను తీసుకున్నాను, ఆ సిగ్గు ఇంకా పోలేదు. నువ్వు తీసుకోకు. రాయని రోజు గడిని ఖాళీగానే ఉండనీ. ఆ ఖాళీని చూసి ఎవరో ఒకరు ఫ్రిజ్ తలుపు తీసి చూస్తారు. నా అరవై నాలుగులను చూసి ఎవరూ తీయలేదు.