పెరటి గోడపై గురువులు

పాఠం చెప్పేవారందరూ గడ్డం నెరిసినవారే కానక్కరలేదు. ఆదమ్ (అ) కుమారునికి సోదరుని దేహాన్ని ఎలా కప్పిపెట్టాలో నేలను గీరి చూపినది ఒక కాకి అని దివ్యఖుర్ఆన్ (అల్ మాయిదా: 31) తెలుపుతున్నది. ఆ జాతి పక్షి నేటికీ మన పెరటి గోడపైనే వాలుతున్నది.

దానికి ఎండు రొట్టె ముక్క వేసి చూడండి. నీటి తొట్టి వద్దకు మోసుకుపోయి, ముంచి, మెత్తబడిన తరువాతనే తింటుంది. మిగిలిన ముక్కను పెంకుల సందున దాచి, పైన ఎండుటాకు కప్పుతుంది. ఇంతటి గడసరిని సైతం కోకిల దంపతులు బోల్తా కొట్టిస్తాయి. మగ కోకిల గూటి చెంత కూసి కవ్విస్తుంది. కాకులు దానిని తరుముతూ పోగానే, ఆడ కోకిల ఆ గూటిలో గుడ్డు పెట్టి ఎగిరిపోతుంది.

కోరుకొండ పొలాలలో ట్రాక్టరు దమ్ము చేస్తుంటే కొంగలు వెంట నడుస్తాయి. చక్రం తిరిగిన చోట పురుగు బయటపడుతుందని వాటికి తెలుసు. పిచ్చుక సంగతి మరీ వింత. మోటారు సైకిలు అద్దంలో తన ప్రతిబింబాన్నే శత్రువనుకొని పొడుస్తుంది. అదే పిచ్చుక న్యూజిలాండ్‌లోని హామిల్టన్ బస్ స్టేషన్‌లో, దానంతట అది తెరుచుకునే తలుపు ఎదుట రెక్కలాడించి, తలుపు తెరిపించుకొని ఫలహారశాలలోకి వెళ్లడం పరిశీలకులు నమోదు చేశారు. అద్దం ముందు అమాయకురాలు, తలుపు ముందు జాణ!

అయితే ఆ తెలివికీ ఒక హద్దున్నది. పెంకుటింటి చూరులో పిచ్చుకకు చోటుండేది. స్లాబు ఇంటికి సందే లేదు. పైగా పెద్ద పిచ్చుక గింజలతో బ్రతికినా, పిల్లలకు పురుగులనే మేపుతుంది. పురుగుమందు చల్లిన చోట వాటి నోటికి ముద్ద కరవవుతుంది.

కోతల వేళ వరి కంకులను కుచ్చుగా అల్లి చూరుకు వేలాడదీయడం గోదావరి సీమలో పాత ఆచారం. నాటిన మొక్క నుండి, విత్తిన పైరు నుండి పక్షి తిన్నది సైతం విశ్వాసికి దానమేనని దైవప్రవక్త (స) బోధించారు. ఒక ప్రయాణంలో సహచరులు పక్షిపిల్లలను పట్టుకోగా, తల్లిపక్షి అల్లాడటం చూసి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆజ్ఞాపించారు.

తల్లిదండ్రులారా! ఉండేలు పట్టిన పిల్లవానిని గద్దించి ఊరుకుంటే, మీరు కనుమరుగు కాగానే మరల పడతాడు. వానిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, కాకి రొట్టెను ముంచే తీరు చూపించండి. మట్టి మూకుడులో రోజూ నీరు మార్చే పని వానికే అప్పగించండి. వసారాలో ఒక వరి కుచ్చు, నీడపట్టున చిన్న కన్నమున్న ఒక చెక్కపెట్టె కట్టించండి. తనను నవ్వించిన పక్షిపై రాయి విసరడానికి ఏ పిల్లవానికీ చేయి రాదు.