బతుకమ్మ వలయంలో ప్రేక్షకుడెవరు?

భాద్రపద అమావాస్య సాయంకాలం ఎంగిలిపూలతో ఆరంభమై దుర్గాష్టమి నాటి సద్దులతో ముగిసే బతుకమ్మను జానపద వినోదమని వ్యవహరించడం పరిపాటి అయింది. ఆ ఆరాధనలో వినోదం ఉన్నది. కాని దాని స్వరూపాన్ని ఆ పదం చెప్పజాలదు.

తంగేడు, గునుగు, బంతిపూలను వరుసలుగా పేర్చి, శిఖరాన పసుపు గౌరమ్మను నిలిపి, స్త్రీలు చుట్టూ వలయమై నిలుస్తారు. ఒక పెద్ద ముత్తైదువ చరణం అందుకుంటుంది. తక్కినవారు ‘ఉయ్యాలో’ అనో ‘చందమామ’ అనో వంత పలుకుతూ, వంగి చప్పట్లు చరుస్తూ తిరుగుతారు. అరచేతులే వాద్యం. ఇక్కడ గాయని ఎవరు, శ్రోత ఎవరు? భరతముని నాట్యశాస్త్రంలో నటుడు, ప్రేక్షకుడు వేర్వేరు. ఈ వలయానికి రంగమే లేదు.

ఈ అనుభవానికి తగిన తాత్త్విక నిరూపణ కాశ్మీర శైవాచార్యుడు అభినవగుప్తుని తంత్రాలోకం 28వ ఆహ్నికంలో లభిస్తుంది. దేహభేదం చేత సంకుచితమైన సంవిత్తు, గీతనృత్తాదులు జరిగే సమూహంలో అందరూ తన్మయులైనప్పుడు, అనేక దర్పణాలు పరస్పరం ప్రతిబింబించినట్లు వికసిస్తుందని ఆయన ప్రతిపాదన. తన్మయుడు కానివాడు ఒక్కడున్నా ఆ సంవిత్తు విషమమవుతుందని కూడా హెచ్చరించాడు.

హైదరాబాదుకు ఉత్తరాన, శామీర్‌పేట సమీపంలోని దేవరయాంజాల్ వంటి ఊళ్లకు ఇది కేవలం శాస్త్రచర్చ కాదు. సీతారామచంద్రస్వామి ఆలయం గల ఆ ఊరి పరిసరాలలో నేడు గోదాములు వెలిశాయి, నగరం పొలాలను ఆక్రమించింది. ఇటువంటి శివారులో పుట్టింటికి వచ్చిన ఆడపడుచుతోపాటు, ఆ పాట ఎన్నడూ వినని ప్రాంతాల గృహిణులూ నివసిస్తారు. వంత ఒక్క పదమే గనుక, నాలుగైదు చరణాలకే కొత్తామె గొంతు కలుస్తుంది. పరిచయాలు తరువాత.

ఈ సౌలభ్యాన్ని డీజే పెట్టెలు హరిస్తున్నాయి. రికార్డు పాట శ్రుతి తప్పదు, అలసిపోదు. చరణం మరచిన అవ్వ కోసం ఆగదు కూడా. గొంతుల అవసరం తీరిన పిదప చేతులు మాత్రమే ఆడుతాయి, అవ్వ పక్కన కుర్చీలో కూర్చుంటుంది. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన తరువాత వేదికలూ పెరిగాయి. వేదిక నిలిచిన చోట ఎదుట ప్రేక్షకులు తయారుకాక తప్పదు. పెద్ద శబ్దమే జనాన్ని రప్పిస్తుందన్న వాదంలో సత్యం లేకపోలేదు, పిల్లలు ముందుగా పరుగెత్తేది దానికే. అయితే వచ్చినవారు పాడాలి గదా!

మరొక లోపం డీజేకంటె ప్రాచీనం. అనేక గ్రామాలలో దళిత స్త్రీల బతుకమ్మ ఊరి బతుకమ్మల సరసన చేరలేదు. వారు వేరుగా ఆడుకోవలసి వచ్చింది. గౌరికి కులం కల్పించిన ఆ వలయాన్ని పూర్ణమని ఏ అద్వైతి అంగీకరించగలడు? అభినవగుప్తుడు అక్కడ విఘ్నంగా చెప్పినది తన్మయత్వలోపాన్ని, జన్మను కాదు. పాటను కాపాడాలని పలికేవారు యంత్రాన్ని నిందించి ఈ మాట దాటవేయడం న్యాయం కాదు.

సద్దుల రాత్రి, బతుకమ్మలను చెరువుకు తరలించడానికి ముందు, వాడలన్నింటి స్త్రీలను ఒకే వలయంలోనికి పిలిచి ఒక్క గంట యంత్రం ఆపి చూడవచ్చు. మొదట ఆ నిశ్శబ్దం ఇబ్బంది పెడుతుంది. ఎవరు ఎత్తుకుంటారని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అంతలో కుర్చీలోని అవ్వ గొంతు సవరించుకుంటుంది.