పాటా, ఉద్యోగమా? కర్నూలు డాక్టరు చూపిన దారి

గ్రూప్-2 మెటీరియల్ ముందేసుకుని కూర్చున్నప్పుడు పక్కగదిలోంచి కీర్తన వినిపిస్తే మీ గొంతు దానంతటదే కలుస్తుందా? కాలేజీలో ఏ ఫంక్షన్ జరిగినా ప్రార్థన పాడమని మిమ్మల్నే పిలుస్తారా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే.

నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కి చేరినా, కడపలో డిగ్రీ చదువుతున్నా ఇంట్లో వినపడే మాట ఒకటే: ‘పాటలు పాడితే కడుపు నిండుతాదా?’ అమ్మానాన్నల్ని తప్పుపట్టలేం. వాన కోసం ఆకాశం వంక చూస్తూ బతికిన ఇళ్లు మనవి. నెల జీతం విలువ వాళ్లకు బాగా తెలుసు. అయితే ఆ ప్రశ్నకు ‘పాట మానెయ్’ అన్నదొక్కటే జవాబు కాదు. ఇంకో జవాబు మన కర్నూల్లోనే ఉంది.

డాక్టర్ శ్రీపాద పినాకపాణి పేరు విన్నారా? 1913లో శ్రీకాకుళం ప్రాంతంలోని ప్రియాగ్రహారంలో పుట్టారు. కర్నూలు మెడికల్ కాలేజీలో మెడిసిన్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. పగలు రోగులు, మెడికోలు. మిగిలిన టైమంతా సంగీతం. తంజావూరు బాణీలోని గాంభీర్యాన్ని తెలుగు గాయకులకు అందించింది ఆయనే అని సంగీతం తెలిసినవాళ్లు చెప్తారు. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చిన సత్యనారాయణ, వోలేటి వెంకటేశ్వర్లు, మల్లాది సోదరులు... వీళ్లంతా ఆయన దగ్గర నేర్చుకున్నవారే. వందల కృతులకు స్వరాలు రాసి ‘సంగీత సౌరభం’గా అందించారు. 1983లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ్ వచ్చాయి. 2013 మార్చిలో, వందేళ్లకు కొన్ని నెలల ముందు, కర్నూల్లోనే కన్నుమూశారు.

గమనించారా? ఆయన స్టెతస్కోప్ వదల్లేదు, తంబురా కూడా వదల్లేదు.

ఆయన శిష్యుల్లోనే శ్రీరంగం గోపాలరత్నం రెండో దారి చూపించారు. 1939లో విజయనగరం ప్రాంతంలో పుట్టిన ఈమె పాటనే ఉద్యోగం చేసుకున్నారు. విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. కచేరీ, రేడియో, పాఠం... ఈ మూడూ కలిస్తేనే ఆమె కెరీర్. ఒక్క కచేరీనే నమ్ముకుని కూర్చోలేదు.

విదేశాల్లోనూ ఇంతే. పాశ్చాత్య సంగీతంలో స్త్రీల గొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిదాన్ని సొప్రానో అంటారు. ఒపెరాలో పాడే సొప్రానో మైకు లేకుండా, ఆర్కెస్ట్రాను దాటి, చివరి వరుసకు వినపడాలి. ఆ బలం ఏళ్ల తరబడి సాధన చేస్తే తప్ప రాదు. అక్కడా చాలామంది బృందగానంలో పాడుతూ, పిల్లలకు పాఠాలు చెప్తూనే నెట్టుకొస్తారు. హీరోయిన్ పాత్రలు దొరికేది కొద్దిమందికే.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ‘ముందు ఉద్యోగం, తర్వాత చూద్దాం’ అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ ఆ ‘తర్వాత’ చాలామందికి రానే రాదు. ఉద్యోగం, పెళ్లి, ట్రాన్స్‌ఫర్, పిల్లలు... పదేళ్లు గడిచాక పై షడ్జం అందుకోబోతే గొంతు బొంగురు పోతుంది. అలాగని పుస్తకాలు మూలన పడేసి టీవీ పాటల పోటీల వెంట పరిగెత్తమనీ అనను. అది లాటరీ టికెట్ లాంటిది. ప్రిపరేషన్ ఆపొద్దు, సాధనా ఆపొద్దు. పొద్దున్నే అరగంట సరళీస్వరాలకు ఇస్తే మీ కరెంట్ అఫైర్స్‌కి వచ్చే నష్టమేమీ లేదు. మనం రీల్స్‌కి ఇస్తున్నది అంతకన్నా ఎక్కువే కదా!

ఇక సంగీతంతో వచ్చే ఉద్యోగాలూ ఉన్నాయి. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ స్థాయిలో మ్యూజిక్ టీచర్ పోస్టులుంటాయి, సంగీతంలో డిగ్రీ ఉంటే అర్హత. నవోదయ విద్యాలయాల్లోనూ సంగీతం టీచర్లుంటారు. మ్యూజిక్‌లో పీజీ చేస్తే యూజీసీ నెట్ రాయొచ్చు. తిరుపతిలో టీటీడీ సంగీత నృత్య కళాశాల, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం మనకు దగ్గరే. ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడ్ వస్తే రికార్డింగుకు ఇంతని పారితోషికం ఇస్తారు. అది నెల జీతం కాదు, కానీ ఆ గ్రేడ్‌కి విలువ ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల లోపు యువ కళాకారులకు రెండేళ్లపాటు స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఈ వయసు లెక్క ఒక్కసారి చూసుకోండి. డిగ్రీ అయ్యాక ఏళ్ల తరబడి నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తే ఆ గేటు మూసుకుపోతుంది.

‘మన ఊళ్లో సభలు లేవు, గురువులు లేరు’ అంటారా? కొంత నిజమే. చెన్నైలాగా ప్రతి వీధిలో కచేరీ ఇక్కడ జరగదు. కానీ తెలుగు పాటకు మూలపురుషుడైన అన్నమయ్య పుట్టింది రాజంపేట దగ్గర తాళ్లపాకలో. 15వ శతాబ్దంలో ఆయన రాసిన కీర్తనల్లో చాలావాటికి మట్లు దొరక్కపోతే, పినాకపాణి గారి శిష్యుడు నేదునూరి వంటివారు కూర్చుని బాణీలు కట్టారు. ఈ ఎండిన నేలకు పాట కొత్త కాదు. మనమే దాన్ని అవసరం లేని సామాను కింద అటక ఎక్కించాం.

ఒక్కమాట. పాట నేర్చుకున్న ప్రతి ఒక్కరూ గోపాలరత్నం కారు. కానక్కర్లేదు కూడా. మీకు బ్యాంకు ఉద్యోగం వచ్చి, సాయంత్రం పదిమంది పిల్లలకు గీతాలు నేర్పితే చాలు. రేపు ఇదే వీధిలో ఇంకో అమ్మాయి ‘గురువు లేరు’ అనే మాట అనకుండా ఉంటుంది.

ఇంట్లో మళ్లీ ఆ ప్రశ్న వస్తే వాదన పెట్టుకోకండి. కర్నూలు డాక్టరు గారి సంగతి చెప్పండి. చెప్పేసి పుస్తకం తెరవండి. పొద్దున ఐదున్నరకు మాత్రం అలారం పెట్టుకోండి, శ్రుతి పెట్టె దగ్గర కూర్చోవడానికి.